పొగడ మొక్కలకి గొట్టాలు తీయించిన నా అనుభవం

మా వీధి పొగడ మొక్కలకి గొట్టాలు ఊడదీయించాను. పొద్దున్నే పనైంది, కోపం మాత్రం ఇంకా చల్లారలేదు.

మొక్కలు కడియం నుంచి వచ్చాయి. నాటడం ఓ పూట పని. విజయనగరంలో వీధి మొక్కకి గండం మేకలతోనే, అందుకని దాతల డబ్బుతో ప్లాస్టిక్ గొట్టాలు తొడిగారు. ఒక్క చిల్లు లేదు గానీ దాతల పేర్లు మాత్రం జానెడు అక్షరాలతో ఉన్నాయి.

వేసవి దాటేసరికి మొక్కలు గొట్టం పైకి తల పెట్టాయి. వీధంతా మురిసిపోయింది. తీగ వదులు చేసి చూద్దును కదా, లోపల గోడంతా చెమట, చెయ్యి పెడితే ఆవిరి, కింది ఆకులు పసుపు. మొదలు నా చిటికెన వేలంత కూడా లేదు. మా ప్రహరీలో వెదురు దడి మధ్య పెరిగిన పొగడ పొట్టిదే, మొదలు మాత్రం బొటనవేలి కంటే లావు.

గొట్టాలు తీయించమని అర్జీ పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకెళ్లాను. సార్ రిజిస్టరు తిప్పి చూపించారు. అందులో ఎత్తుకి గడి ఉంది, లావుకి లేదు. గాలికి ఊగితేనే కాండం లావెక్కుతుందని, 1979లో బ్రిటన్‌లో గ్రాహం ట్యూలీ అనే అటవీ నిపుణుడు ఓక్ మొక్కలకి ఈ గొట్టాలు మొదలుపెట్టాక అక్కడివాళ్లూ ఎత్తు ముందుకెళ్లి లావు, వేళ్లు వెనకబడటం చూశారని చెప్తున్నాను. గుమాస్తా అందుకున్నాడు: "ఏటి మేష్టారూ, మొక్క పెరిగినా మీకు బాధేనా?" ఇంటిపన్ను వరసంతా నవ్వింది. వరసలో నా పాత శిష్యుడూ ఉన్నాడు, వాడూ నవ్వాడు. "2014లో హుద్‌హుద్ చూసిన ఊరండీ" అంటే, "తుపానొచ్చినప్పుడు చూద్దాం లెండి" అన్నారు సార్. పదో తరగతి పిల్లలకి ముప్పయ్యేళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, అర్జీ మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

పని నా అర్జీ వల్ల కాలేదు. ఓ దాత ఇంటిపేరులో అక్షరం తప్పు పడిందట, ఆయన గొడవ చేస్తే గొట్టాలు మార్చడానికి మనిషి వచ్చాడు. పాతవి తీయించాను, కొత్తవి తొడగనివ్వలేదు.

తీయగానే కొన్ని ఒరిగిపోయాయి. వాటికి వెదురు కర్ర పాతి, పాత పంచె పీలికలతో మొదట్లో వదులుగా కట్టాను, తల ఊగాలి కదా. మేకలకి చుట్టూ తుమ్మ కంప. గొట్టం మేకని ఆపింది, నీడా తడీ ఇచ్చింది, కాదనను. తొడిగితే చిల్లులున్నదే తొడగండి. తీసేది మండుటెండలో కాదు, మబ్బు పట్టిన రోజున తీయండి.

కొత్త గొట్టాలు మా మేడ మీదున్నాయి. కావలసినవాళ్లు పట్టుకెళ్లి చిల్లులు పొడుచుకోండి. పేర్లు మీరే గీక్కోవాలి.