వెండి నల్లబడుతుందని తెలియదా?

మా ప్రయోగశాల యంత్రాలు చూసుకునే ఆవిడ నలుగురి ముందు నన్ను అడిగిన మాట అది. డెన్మార్క్‌ వచ్చిన రెండేళ్లలో ఇంత సూటిగా నన్నెవరూ మందలించలేదు.

తెలియకపోవడమా! ఏటా వరలక్ష్మీ వ్రతానికి ముందురోజు అమ్మ వెండి కుందులు విభూతితో తోముతుంటే, పక్కన కూర్చుని గుడ్డతో తుడిచిన చేతులివి.

నా పని కాంతిని విడదీయడం. కలిసి వచ్చే 1310, 1550 నానోమీటర్ల తరంగాలను వేర్వేరు దారులకు పంపాలి. రెండు వెండి గోడల మధ్య సన్నని సందు వదిలితే, కాంతి లోహంలోని ఎలక్ట్రాన్లతో జతకట్టి, తన తరంగదైర్ఘ్యం కంటే ఎంతో ఇరుకైన ఆ సందులోనూ సాగుతుంది. దీన్నే ప్లాస్మాన్ అంటాం. పక్కన చిన్న వలయం పెడితే, దాని చుట్టుకొలతలో పూర్ణసంఖ్యలో ఇమిడే తరంగం అందులోకి మళ్లుతుంది, రెండోది నేరుగా వెళ్లిపోతుంది. లోహం కాంతిని తాగేస్తుంది కాబట్టి కొన్ని పదుల మైక్రాన్లలోనే అంతా జరిగిపోవాలి. 2006లో ఇక్కడి ఆల్బోర్గ్ పరిశోధకులు, స్ట్రాస్‌బర్గ్ వారితో కలిసి, బంగారంలో చెక్కిన గాడులతో ఇలాంటి వలయాలు చేసి చూపారు. నష్టం ఇంకాస్త తగ్గుతుందని నేను పట్టుబట్టి వెండి ఎంచుకున్నాను.

ఆ నమూనాను నైట్రోజన్ పెట్టెలో పెట్టకుండా బల్ల మీదే వదిలి ఈస్టర్ సెలవులకు వెళ్లాను. పది రోజులకు వచ్చి కొలిస్తే, నేరుగా వెళ్లే కాంతి గ్రాఫులో 1550 దగ్గర ఉండాల్సిన లోయ (వలయంలోకి మళ్లిన తరంగం వదిలిన పల్లం) పొడవైన తరంగాల వైపు జరిగి, వెడల్పైపోయింది. గాలిలోని గంధకం వెండి అంచులను గోధుమరంగుకు తిప్పేసింది. కుందులైతే తోముకోవచ్చు. వంద నానోమీటర్ల పొరను తోమితే మిగిలేదేముంది?

తప్పు నాదే. కానీ మా ఊళ్లో మాస్టారు ఇంతకు రెట్టింపు తిట్టి, వెళ్లబోతుంటే "అన్నం తిన్నావా" అని అడిగేవారు. ఇక్కడ తిట్టు తిట్టుగానే మిగిలిపోయింది. ఫోనులో చెబితే అమ్మ కూడా "గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టకపోయావా" అనే అంది. ఆ మాట గుచ్చుకోలేదు. ఈవిడ మాట వారం రోజులు గుచ్చుకుంటూనే ఉంది.

నిన్న పూత యంత్రం పట్టికలో, ఉదయం ఏడు గంటల గడిలో ఆవిడ చేతిరాతతో నా పేరు ఉంది. కింద ఒక వాక్యం: వెండి పడగానే, గాలి తగలకముందే, ఐదు నానోమీటర్ల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పూత. ఈ ఉదయం వెళ్లేసరికి మూసలో వెండి గుళికలు వేసి ఉన్నాయి. ఆవిడ నా వైపు చూడకుండానే చేతి తొడుగుల పెట్టె ఇటు జరిపారు.