మా అమ్మమ్మ మా నాన్నకి అక్క

పాపని స్కూల్లో వంశవృక్షం గీసుకురమ్మన్నారు. చార్టు కొన్నాం, పాత ఫొటోలు తీశాం, మా నాయనమ్మ దగ్గర ఆగిపోయాం. మా నాయనమ్మే మా అమ్మమ్మకి కన్నతల్లి. లెక్క ప్రకారం తల్లీకూతుళ్లు ఒకే వరసలో పక్కపక్కన కూర్చోవాలి, పై వరసలో మళ్లీ నాయనమ్మే రావాలి. ఉన్నది ఒక్క ఫొటో.

మా అమ్మ 1979లో తన సొంత మేనమామని చేసుకుంది. తెనాలి దగ్గర మా ఊళ్లో అప్పుడు అదేం వింత కాదు. పెళ్లిలో ఆడపడుచు లాంఛనం పెట్టాలి కదా, పెళ్లికొడుకు అక్క అంటే పెళ్లికూతురి తల్లే! అమ్మమ్మ తన డబ్బుతో కొన్న చీరని తనే అందుకుంది. "అందుకే నాకు నచ్చిన రంగు కొన్నా" అనేది.

అమ్మ ఇప్పటికీ నాన్నని "మావయ్యా" అనే పిలుస్తుంది. అత్తగారి మీద పుట్టింట్లో చెప్పుకుందామంటే, ఆ అత్తగారు అమ్మమ్మకి కన్నతల్లాయె. ఇక మా మేనమామ నాకు బావ కూడా, నాన్న అక్క కొడుకు కదా. పండక్కి డబ్బులిస్తే మావయ్య, ఇవ్వకపోతే "ఏం బావా" అని ఏడిపించేదాన్ని.

పుణెలో ఉద్యోగం చేసేటప్పుడు ఇదంతా ఒక ఉత్తరాది స్నేహితురాలికి చెప్తే, చేతిలో చెంచా కింద పెట్టేసింది. 1955 హిందూ వివాహ చట్టం కూడా మేనమామ, మేనకోడలి పెళ్లిని నిషేధాల జాబితాలోనే పెట్టింది. ఆచారం ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపు. ఆ మినహాయింపులో పుట్టినదాన్ని నేను.

రెండెకరాలు బయటికి పోకూడదు, పిల్ల కళ్లముందుండాలి. అమ్మమ్మ లెక్క అది. అమ్మని ఎవరూ అడగలేదు. నాకు ముందు పుట్టిన బాబు నెల తిరక్కుండానే పోయాడు. ఎందుకని కూడా ఎవరూ అడగలేదు. నేను కడుపుతో ఉన్నప్పుడు డాక్టరమ్మ మొట్టమొదట "మేనరికమా?" అంది. కాదండీ, బయటి సంబంధం అన్నాను. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే, చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మ తలెత్తలేదు.

పాప చివరికి నాయనమ్మ ఫొటో ఒక్కచోటే అంటించి, అక్కణ్ణించి రెండు గీతలు లాగింది. టీచరు రెండో గీత పక్కన ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టి పంపారు.