ఎలివేటర్ ల్యాబ్‌లో తొలి సీజన్: మొక్కజొన్నలో బూజు విషం

అమెరికాలో మొక్కజొన్న కోతల కాలానికి గ్రెయిన్ ఎలివేటర్ (ధాన్యం కొని నిల్వచేసే కేంద్రం) ల్యాబుల్లో పనికి కుదిరే మనవాళ్లు ముందుగా విషం ఎంతుందో చూపే రీడర్ ఎలా వాడాలో నేర్చుకుంటారు. తప్పులు ఎక్కువగా జరిగేది అక్కడ కాదు, ట్రక్కులోకి ప్రోబ్ (నమూనా తీసే పొడవాటి గొట్టం) దింపే చోట.

అఫ్లటాక్సిన్ అనే ఈ బూజు విషం లోడంతా సమంగా ఉండదు. వేల గింజల్లో ఏ ఒకటి రెండిటికో బూజు పడుతుంది, విషమంతా వాటిలోనే ఉంటుంది. అందుకే ట్రక్కుకి కనీసం 2 పౌండ్లు, అంటే దాదాపు 900 గ్రాములు తీయాలి. ప్రోబ్‌ని చేతికందిన చోట గుచ్చితే చాలదు, చెప్పిన చోట్లన్నిటా అడుగుదాకా దింపాలి. తీసిన గింజలన్నీ పిండి ఆడించాలి. గుప్పెడు మాత్రమే ఆడిస్తే ఆ చెడ్డ గింజ బయటే మిగిలిపోవచ్చు. పిండిలో 60 నుంచి 75 శాతం 20 మెష్ (అంగుళానికి 20 కన్నాల) జల్లెడలోంచి దిగాలి. గింజ తడిగా ఉంటే గ్రైండర్‌కి అంటుకుని బరకగా వస్తుంది. పాత పిండి కొత్తదానిలో కలవకుండా ప్రతిసారీ బ్రష్‌తో దులిపి, తర్వాతి నమూనాలోంచి కాస్త ఆడించి పారబోయాలి. ఎన్95 మాస్క్ తీయొద్దు, ఆ దుమ్ములోనూ విషం ఉంటుంది.

విషాన్ని పిండిలోంచి ద్రావణంలోకి లాగడానికి 50 గ్రాముల పిండికి 250 మిల్లీలీటర్ల 70 శాతం మెథనాల్ పోసే కిట్లున్నాయి, నీళ్లతో సరిపోయేవీ ఉన్నాయి. మెథనాల్ సీసా మూత తెరిచి ఉంచితే ఆవిరై పాళ్లు మారిపోతాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పరీక్ష స్ట్రిప్పుల (ద్రావణంలో పెట్టి, రీడర్‌లో చదివే పట్టీల) డబ్బాని గది వేడికి వచ్చాకే తెరవాలి, లేకపోతే చెమ్మ పడుతుంది. డబ్బా మారితే రీడర్‌లో లాట్ (తయారీ బ్యాచ్) నంబరు కూడా మార్చాలి. హడావుడిలో చాలామంది మరిచేది ఇదే.

నల్ల దీపం (అతినీలలోహిత దీపం) కింద ఆకుపచ్చ కలిసిన పసుపుగా మెరిసిందని లోడు తిప్పి పంపకూడదు. ఆ మెరుపు కోజిక్ ఆమ్లం వల్ల వచ్చేది, విషం ఎంతుందో చెప్పదు. మనుషుల తిండికీ పాడి పశువుల దాణాకీ హద్దు 20 పీపీబీ (వంద కోట్ల పాళ్లలో 20). అమ్మకానికి బలిపించే చివరి దశలోని మాంసపు పశువులకైతే మొక్కజొన్నలో 300 దాకా ఒప్పుకుంటారు. కాబట్టి రీడర్ పరిధి దాటిందని చూపితే అక్కడితో ఆపొద్దు. ద్రావణాన్ని పలచన చేసి మళ్లీ చదివి, ఎన్ని రెట్లు పలచన చేశారో అంతతో హెచ్చించాలి. రైతుకి ఆ తేడా చాలా పెద్దది.

క్యూ పెరిగేకొద్దీ డ్రైవర్లు తొందరపెడతారు. "ఇంకోసారి చూడు, తగ్గొచ్చు" అంటారు. కొత్తగా వచ్చినవాళ్లకి, అందులోనూ యాస పూర్తిగా అందనివాళ్లకి, కాదనడం కష్టమే. అయినా అనుకూలమైన నంబరు వచ్చేదాకా పరీక్షలు చేయకూడదు. మళ్లీ పరీక్షకి రాతపూర్వక పద్ధతి ఉంటుంది, సూపర్‌వైజర్‌ని పిలవాలి. మిగిలిన పిండిని ట్రక్కు నంబరు, టైము రాసిన సంచిలో కట్టి దాచాలి. పేచీ వస్తే పై ల్యాబుకి పంపేది దాన్నే.