తొమ్మిదింపావు

బీఈడీ మొదటి సంవత్సరంలో నాలుగు వారాలు బడికి పంపుతారు. అది చుట్టపుచూపు. రెండో సంవత్సరంలో వచ్చే 16 వారాల ఇంటర్న్‌షిప్పే అసలు కాపురం. నాకు విశాఖ వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కు దగ్గరలో ఉన్న ఒక ఉన్నత పాఠశాల దొరికింది. ఎనిమిదో తరగతి, లెక్కలు.

పుస్తకాల్లో మమ్మల్ని ఛాత్రోపాధ్యాయులు అంటారు. పిల్లలకు మాత్రం మేము 'బీఈడీ టీచర్లం'. అంటే కొన్నాళ్ళు ఉండి పోయేవాళ్ళం, కొట్టనివాళ్ళం, మా మాటకు మార్కులు లేనివాళ్ళం.

ఎలాగైనా వాళ్ళకు నచ్చాలని మొదటి రోజు చాక్లెట్ల ప్యాకెట్‌తో వెళ్ళాను. రెండు నిమిషాల్లో అయిపోయాయి. మూడో రోజు వెనక బెంచీ నుంచి ఒకడు, "ఈ రోజు లేవా టీచర్?" అన్నాడు. పేర్లు అడిగితే ఒకరి పేరు ఒకరు చెప్పారు. నేను నూకరాజు అని పిలిస్తే అప్పలరాజు లేచేవాడు, తరగతి గొల్లుమనేది. ఆ తరగతిలో అసలే ఇద్దరు నూకరాజులు, ముగ్గురు అప్పలరాజులు. నా గైడ్ టీచరు గారు, ఇరవై ఏళ్ళకు పైగా లెక్కలు చెబుతున్న మాస్టారు, హాజరుపట్టీ నా ముందు పెట్టి, "ముందు ఇది నేర్చుకోండమ్మా, పాఠం తరవాత" అన్నారు. బెంచీల బొమ్మ గీసి, 48 పేర్లు రాసుకుని, కంచరపాలెం నుంచి వచ్చే బస్సులో వల్లెవేశాను. సోమవారం అందరినీ సరైన పేర్లతో పిలిచాను. వాళ్ళు కాస్త నిరాశపడ్డారు కానీ, అల్లరి సగానికి తగ్గింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. చనువిస్తే నెత్తికెక్కుతారని హాస్టల్లో ఎవరో చెప్పగా, రెండో వారం గంభీరంగా మారిపోయాను. ఆ గాంభీర్యానికి దొరికింది ఒక అమ్మాయి. తొమ్మిదింటికి ప్రార్థన, ఆ వెంటనే నా పీరియడ్. ఆమె రోజూ తొమ్మిదింపావుకి వచ్చేది. కారణం అడిగితే తల దించుకునేది. నాలుగో రోజు పీరియడ్ అయ్యేదాకా గుమ్మం బయట నిలబెట్టాను. మర్నాడు ఆమె రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించిందని పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేనే.

ఆ వారమే నాతోపాటు వచ్చిన స్నేహితురాలు నా పాఠాన్ని పరిశీలించింది. ఫ్లాండర్స్ పద్ధతి అని ఒకటి ఉంది. వెనక కూర్చుని, తరగతిలో ఆ క్షణాన జరుగుతున్నదాన్ని బట్టి ప్రతి 3 సెకన్లకు ఒక అంకె వేయాలి. ఉపాధ్యాయుడు ఉపన్యసిస్తే 5, ఆదేశాలిస్తే 6, మందలిస్తే 7. విద్యార్థి జవాబు చెబితే 8, తనంతట తాను మాట్లాడితే 9. పది నిమిషాలకు 200 అంకెలు. ఆమె కాగితం నిండా అయిదులు, ఆరులు, ఏడులు. తొమ్మిది ఒక్కటే ఉంది. అదేమిటని అడిగితే నవ్వింది: "టీచర్, బయటికి వెళ్ళొచ్చా?"

నవ్వాను కానీ, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

మర్నాడు మాస్టారు గారిని ఆ అమ్మాయి గురించి అడిగాను. తండ్రి బోటు మీద వెళితే పదేసి రోజులు రాడు. తల్లి తెల్లవారకముందే హార్బర్‌లో చేపల వేలంపాటకు వెళుతుంది. తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపేది ఈ పిల్లే. బడి తొమ్మిదింటికి, అంగన్‌వాడీ తలుపు తెరిచేదీ తొమ్మిదింటికే. "ఇంటికి వెళ్ళి మాట్లాడనా మాస్టారూ?" అన్నాను. "వద్దమ్మా, ఆ పిల్లకు అదింకో పంచాయితీ. వస్తుంది, ఆగండి" అన్నారు.

మూడో రోజు వచ్చింది. మధ్యాహ్న భోజనం దగ్గర పక్కన కూర్చుని, "నిన్ను బయట నిలబెట్టడం నా తప్పు" అన్నాను. గుడ్డు పెంకు ఒలుస్తూ నా వైపు చూడకుండానే, "తమ్ముడు ఏడవకుండా దిగితే తొందరగానే వస్తాను టీచర్" అంది. అవమానం అందరి ముందూ జరిగింది కనుక, క్షమాపణ ఒక్కటీ చాటుగా చెప్పి ఊరుకోవడం న్యాయం కాదనిపించింది. మర్నాడు తరగతిలో కూడా చెప్పాను, ఆమె ఇంటి సంగతి ఎత్తకుండా. గొంతు వణికింది. పిల్లలెవరూ నవ్వలేదు. ఆమెకు ఒక్క మాట చెప్పాను: తొమ్మిదింపావుకి అడగకుండా లోపలికి వచ్చి కూర్చో. అప్పటిదాకా చేసిన లెక్క పక్కనున్న అమ్మాయి చూపిస్తుంది.

తరవాతి నెలలో నిష్పత్తుల పాఠం. ముగ్గురు ఆడవాళ్ళు కలిసి పాటలో 2,700 రూపాయలకు తొమ్మిది తట్టల కవళ్ళ చేపలు కొన్నారు, ఒకరు 1,200, ఒకరు 900, ఒకరు 600 పెట్టారు, ఎవరికెన్ని తట్టలు? 4:3:2 అని బోర్డు మీద రాసి తృప్తిగా వెనక్కి తిరిగాను. ఆ అమ్మాయి లేచింది. "తట్టలు సరే టీచర్. మరి ఐసు? ఆటో?" ఐసు తట్టల లెక్కన, ఆటో మాత్రం ముగ్గురికీ సమానమని ఆమె వాదన. ఆటోవాడు తీసుకునేది మనుషులను చూసి కాదు, తట్టలను చూసి అని ఒక నూకరాజు అడ్డు తగిలాడు. ఇక తరగతి నా చేతిలో లేదు. సరిగ్గా ఆ రోజే కాలేజీ నుంచి పర్యవేక్షకులు వచ్చి కూర్చున్నారు. నా పాఠ్యపథకంలో మూల్యాంకనం అలాగే మిగిలిపోయింది, ఆయన రికార్డులో 'సమయపాలన లోపించింది' అని రాశారు. నా స్నేహితురాలి కాగితం మీద మాత్రం తొమ్మిదులు చీమల బారులా ఉన్నాయి. రెండూ దాచుకున్నాను.

అందరూ దారికి వచ్చారని చెప్పను. చివరి బెంచీలో ఇద్దరు 16 వారాలూ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఫోను నంబరు అడిగినవాళ్ళకు ఇవ్వలేదు, దానికి కొందరు అలిగారు. "వెళ్ళేటప్పుడు మళ్ళీ వస్తానని మాత్రం అనకండమ్మా. ప్రతి బ్యాచీ అంటుంది, వీళ్ళు ఎదురు చూస్తారు" అని మాస్టారు గారు ముందే హెచ్చరించారు. అందుకని రెండు వారాల ముందే బోర్డు మూల, మిగిలిన రోజుల సంఖ్య రాయడం మొదలుపెట్టాను. రోజూ ఎవరో ఒకరు దాన్ని చెరిపేసేవారు. నేను మళ్ళీ రాసేదాన్ని.

చివరి రోజు ఆ అమ్మాయి తొమ్మిదింపావుకే వచ్చింది. కూర్చోకుండా బల్ల దగ్గరికి వచ్చి, నెమ్మదిగా అడిగింది: "టీచర్, రేపటి నుంచి నేనెవరికి చెప్పాలి?"

వెంటనే మాస్టారు గారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన హాజరుపట్టీ తెరిచి, ఆమె పేరు పక్కన పెన్సిలుతో 9.15 అని రాసుకున్నారు.