పాసయిన టెస్టు

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక్క ప్యాచ్ (కోడుకు ప్రతిపాదించిన మార్పు) చదవడంతోనే సరిపోయింది. కొత్తపేటలో మా మేడ మీది గదిలో కూర్చుని హైదరాబాదు ల్యాబులోని సర్వర్లలోకి లాగిన్ అయి పనిచేయడం నాకు అలవాటే గాని, ఇంత చిన్న కోడు ఇంతసేపు పట్టడం అరుదు. రాసినవాడు మా బృందంలో కొత్తగా చేరిన భీమవరం కుర్రాడు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్, ప్రాసెసర్ క్యాష్‌ను, అంటే వాడుతున్న డేటాను దగ్గర ఉంచుకునే చిన్న వేగమైన మెమరీని, వాటాలుగా పంచే పని సరిగా చేస్తోందో లేదో చూసే సెల్ఫ్‌టెస్టు అది. కోడు శుభ్రంగా ఉంది, వివరణలు అవసరమైన చోటే ఉన్నాయి, తన యంత్రం మీద పాసయిందని చివర రాశాడు. నాకు అనుమానం పుట్టింది ఆ చివరి మాట దగ్గరే.

పరీక్షిస్తున్నదేమిటో ఇక్కడ రాసి పెట్టుకుంటే రేపు నాకే పనికొస్తుంది. ఇంటెల్ సర్వరు ప్రాసెసర్లలో సాధారణంగా ఒక సాకెట్‌లోని, అంటే ఒక ప్రాసెసర్ చిప్పులోని, కోర్లన్నీ ఎల్3 (మూడో అంచె) క్యాష్‌ను ఉమ్మడిగా వాడుకుంటాయి కనుక, ఒక ప్రోగ్రాం పెద్ద డేటాను ఏకధాటిగా చదువుతూ పోతే పక్క ప్రోగ్రాం దాచుకున్న లైన్లు (క్యాష్‌లో డేటా ఉండే చిన్న ముక్కలు) బయటికి పోతాయి. దీన్ని అదుపు చేయడానికి ఇంటెల్ తన జియాన్ ప్రాసెసర్లలో క్యాష్ అలొకేషన్ సౌకర్యం తెచ్చింది. లినక్స్‌లో 2017లో వచ్చిన 4.10 వెర్షన్ నుంచి దానికోసం రెస్‌కంట్రోల్ అనే ఫైల్‌సిస్టమ్ ఉంది. అందులో ఒక డైరెక్టరీ సృష్టిస్తే అది ఒక గ్రూపు అవుతుంది. టాస్క్స్ అనే ఫైలులో ప్రాసెస్ నంబరు రాస్తే ఆ ప్రాసెస్ ఆ గ్రూపులో చేరుతుంది. స్కీమాటా అనే ఫైలులో మాస్కు, అంటే ఒకట్లూ సున్నాల వరుస, రాస్తే, అందులో ఎన్ని ఒకట్లు ఉన్నాయో క్యాష్‌లో అంత వాటా ఆ గ్రూపుకు దక్కుతుంది. మాస్కును రాసే హెక్స్ పద్ధతిలో ఒక ఎఫ్ అంటే నాలుగు ఒకట్లు కనుక, 20 బిట్ల మాస్కు ఉన్న యంత్రంలో ఐదు ఎఫ్‌లు రాస్తే మొత్తం క్యాష్, ఒకే ఒక ఎఫ్ రాస్తే అందులో ఐదో వంతు.

కుర్రాడి ఆలోచనలో తప్పు పట్టడానికి లేదు. ఒక బఫరును (మెమరీలో కేటాయించుకున్న డేటా భాగాన్ని) చదువుతూ పెర్ఫ్ కౌంటరుతో క్యాష్ మిస్సులు, అంటే కావలసిన లైను క్యాష్‌లో దొరకని సందర్భాలు, లెక్కపెడితే, మాస్కు ఇరుగ్గా ఉన్నప్పుడు ఎక్కువగానూ వెడల్పుగా ఉన్నప్పుడు తక్కువగానూ రావాలి. అతను అతి ఇరుకైన మాస్కుతో మొదలుపెట్టి ఒక్కో బిట్టూ పెంచుకుంటూ పోయి, ప్రతి మాస్కుకూ బఫరును ఒక్కసారి చదివి, చివరికి మొదటి లెక్కనూ ఆఖరి లెక్కనూ పోల్చాడు. ఆఖరిది తక్కువ వస్తే పాసు. టెస్టు కోడు చేతికి రాగానే, అది దేన్ని చూసి ఫెయిలవుతుందో ముందు వెతకడం నాకు అలవాటు. అందుకని స్కీమాటాలో మాస్కు రాసే వరుసను తీసేసి, అంటే కెర్నెల్‌ను అసలేమీ అడగకుండానే, టెస్టును నడిపి చూశాను. అప్పుడూ 'ఓకే' అనే అన్నది.

ఫోను చేశాను.

"పాసయింది కదండీ, ఇంకేం చూడాలండీ?" అన్నాడు.

"స్కీమాటా రాసే లైను తీసేసి ఒకసారి నడిపి చూడు. నేను ఫోన్లోనే ఉంటాను."

కాసేపు కీబోర్డు చప్పుడు, ఆ తరవాత, "అదేంటండీ, ఇప్పుడూ పాసే అంటుందేంటండీ!"

జరుగుతున్నది ఇది. మొదటిసారి చదివినప్పుడు బఫరు క్యాష్‌లో లేదు కనుక మాస్కు ఏదైనా సరే ప్రతి లైనూ మెమరీ నుంచే రావాలి. రెండోసారి చదివే వేళకు అందులో చాలా భాగం క్యాష్‌లోకి చేరి ఉంటుంది. కాబట్టి మొదటి లెక్క ఎప్పుడూ పెద్దదే, ఆఖరి లెక్క ఎప్పుడూ చిన్నదే. మధ్యలో కెర్నెల్ పనిచేసిందో నిద్రపోయిందో ఈ టెస్టుకు తెలియదు. ఒకవేళ అతను వెడల్పు మాస్కు నుంచి ఇరుకు మాస్కుకు దిగి ఉంటే వేరే చిక్కు వచ్చేది. మాస్కు అడ్డుకునేది కొత్త లైన్లు వచ్చి చేరడాన్నే తప్ప, అప్పటికే ఉన్న లైన్లను చదవడాన్ని కాదు. వాటా తగ్గించాక కూడా, వాటాకు బయట మిగిలిపోయిన పాత లైన్లు హిట్టుగానే దొరుకుతాయి. మా ఊళ్లో దాళ్వా రోజుల్లో తూము తలుపు సగానికి దించినంత మాత్రాన మడిలో అప్పటికే నిలిచిన నీరు ఎక్కడికీ పోదు. తూము సంగతి తేలాలంటే ముందు మడిని మురుగు కాలువలోకి వదిలి, ఆ తరవాత ఎంత నీరు ఎక్కుతుందో చూడాలి. కుర్రాడికి ఫోనులో ఈ మాటే చెబితే, "ఆయ్, అర్థమైందండీ" అన్నాడు. వాళ్లదీ వ్యవసాయ కుటుంబమే.

కాబట్టి మాస్కు మార్చిన ప్రతిసారీ ముందు బఫరును మొత్తం క్యాష్ నుంచి ఖాళీ చేయించాలి. ఇంటెల్, ఏఎండీ యంత్రాల మీద ఇందుకు, ఒక లైనును క్యాష్ నుంచి తీసేసే సీఎల్‌ఫ్లష్ సూచన ఉంది. క్యాష్ లైను 64 బైట్లు కనుక 64 బైట్లకొకసారి దాన్ని వేస్తూ బఫరు చివరి దాకా పోతే చాలు. తరవాత కొత్త మాస్కు కింద ఒకసారి లెక్కపెట్టకుండా చదివి, రెండోసారి చదివేటప్పుడు మాత్రమే కౌంటరు తెరవాలి. అప్పుడు వచ్చే మిస్సులు వాటాలో పట్టక బయటపడినవి అవుతాయి. చదివే క్రమం కూడా వరుసగా ఉండకూడదు, ఎందుకంటే హార్డ్‌వేర్ ప్రీఫెచ్చరు ముందుగానే లైన్లు తెచ్చిపెట్టి మన లెక్కను పాడుచేస్తుంది. చదివిన విలువను వోలటైల్ చలరాశిలో వేయకపోతే కంపైలరు ఆ లూపునే ఎగరగొట్టే ప్రమాదం ఉంది. ఈ జాగ్రత్త మాత్రం అతను నేను చెప్పకుండానే తీసుకున్నాడు.

మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి మిగతాది చూశాను. ఐదు ఎఫ్‌ల మాస్కును కోడులోనే గుచ్చేశాడు. అతని బ్రాడ్‌వెల్ (ఇంటెల్ ప్రాసెసర్లలో ఒక తరం) యంత్రంలో 20 బిట్లు కనుక అది చెల్లింది. ల్యాబులోని స్కైలేక్ సర్వరులో 11 బిట్లే, అక్కడ కెర్నెల్ ఆ మాస్కును తోసిపుచ్చింది. ఇన్ఫో డైరెక్టరీలోని ఎల్3 కింద, ఆ యంత్రం ఒప్పుకునే పూర్తి మాస్కును చెప్పే సీబీఎం మాస్క్ అనే ఫైలు ఉండగా అంకెను గుచ్చడం ఎందుకు? దాని పక్కనే షేరబుల్ బిట్స్ అనే ఫైలు కూడా ఉంటుంది. అందులో చూపిన భాగాన్ని ఇతర హార్డ్‌వేరు కూడా వాడుకోవచ్చు గనుక, టెస్టు మాస్కులో ఆ బిట్లు లేకుండా చూడాలి. పాత హాస్‌వెల్ సంగతి మరీ ముచ్చట: ఈ సౌకర్యం ఉందని ఆ ప్రాసెసర్, తన సౌకర్యాలను తెలిపే సీపీయూఐడీలో చెప్పదు. కెర్నెలే రిజిస్టరులో ఒక మాస్కు రాసి, తిరిగి చదివి, రాసింది రాసినట్టు వస్తే ఉన్నట్టు లెక్కకడుతుంది. మాస్కులో కనీసం 2 బిట్లు ఉండాలన్న నియమమూ అక్కడిదే, కాబట్టి ఒక్క బిట్టుతో మొదలయ్యే టెస్టు అక్కడ తొలి అడుగులోనే ఆగిపోతుంది.

ఇంకొకటి, ప్రాసెస్‌ను ఒక సీపీయూకి కట్టేయలేదు. రెండు సాకెట్ల యంత్రంలో షెడ్యూలరు దాన్ని అవతలి సాకెట్ మీదికి తోస్తే, ఇవతలి క్యాష్‌కు రాసిన మాస్కుకూ దానికీ ఇక సంబంధమే ఉండదు.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించింది మాత్రం ఒక చిన్న రిటర్ను విలువ. ఈ సౌకర్యమే లేని ప్రాసెసర్ మీద టెస్టు సున్నా ఇచ్చి బయటికి వస్తోంది, అంటే పాసు అన్నమాట. కెర్నెల్ సెల్ఫ్‌టెస్టుల్లో దాటవేతకు 4 అనే విలువ ఉన్నది ఇలాంటి చోటు కోసమే. ఫెయిలైన టెస్టును ఎవరో ఒకరు తెరిచి చూస్తారు. పాసయిందని అబద్ధం చెప్పే టెస్టు జోలికి ఏళ్ల తరబడి ఎవరూ పోరు.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు రెండో వెర్షను పంపాడు. మాస్కు రాసే వరుస తీసేసి నడిపితే ఈసారి 'నాట్ ఓకే' వచ్చింది, తిరిగి పెట్టి నడిపితే రెండు యంత్రాల మీదా 'ఓకే' వచ్చింది. మధ్యలో పొరపాటు జరిగితే గ్రూపు డైరెక్టరీ తొలగించకుండానే బయటపడే దారి ఒకటి ఇంకా మిగిలి ఉంది, అది చూపించాను. మిస్సులు కనీసం ఎంత శాతం పెరగాలన్న దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు. తగ్గించిన బిట్ల సంఖ్యను బట్టి హద్దు మారాలని నా వాదన, అన్నిటికీ ఒకే అంకె ఉంటే చదివేవాళ్లకు సులువని అతనిది. రాత్రికి రెండు సర్వర్ల మీదా టెస్టును పదేపదే నడిపించే స్క్రిప్టు పెట్టాను. ఆ అంకెలు చూశాక రేపు తేల్చుకుంటాం.