5400 చాలా, 7200 కావాలా? ఆల్బమ్ పనికి ల్యాప్‌టాప్ కొన్న అనుభవం

పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్ళకి హార్డ్‌డిస్క్ వేగం, అంటే లోపలి పళ్ళెం నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుందా 7200 చుట్లా అన్నది, బిల్లు మీద ఉండే ఉత్త అంకె కాదు. 12×36 అంగుళాల కరిజ్మా ఆల్బమ్ షీటు ఒకటి 300 డీపీఐలో తెరిస్తే 10,800 × 3,600 పిక్సెళ్ళు. ఒక్క లేయరే 110 ఎంబీ దాటుతుంది. దాని మీద బ్యాక్‌గ్రౌండు, నాలుగు ఫొటోలు, వాటి మాస్కులు, పూల బోర్డరు పడేసరికి 4 జీబీ ర్యామ్ నిండిపోతుంది. పట్టని సరుకంతా ఫొటోషాప్ డిస్కు మీద స్క్రాచ్ ఫైలనే తాత్కాలిక ఫైల్లోకి తోస్తుంది. అక్కడినుంచి ప్రతి అన్‌డూకీ చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అందుకే 2012 మొదట్లో ఖమ్మం నుంచి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని కంప్యూటర్ షాపుల సముదాయం సీటీసీకి బయల్దేరేటప్పుడు, ప్రాసెసర్ సంగతి తర్వాత, డిస్కు సంగతి ముందు తేల్చుకోవాలనుకున్నాను.

డిస్కులు కొనడానికి అది మంచి సమయం కాదు. 2011 అక్టోబరు వరదల్లో థాయ్‌లాండ్‌లోని వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీ నీట మునిగింది. డిస్కును తిప్పే మోటార్లు తయారుచేసే నిడెక్ ఫ్యాక్టరీలూ మునగడంతో మిగతా కంపెనీలకూ సరుకు కటకటలాడింది. ధరలు అమాంతం పెరిగాయి. అదే ఊపులో వారంటీలూ తగ్గాయి. సీగేట్ తన ల్యాప్‌టాప్ డిస్కులకు ఒక్క ఏడాదికి దించేసింది, వెస్టర్న్ డిజిటల్ 5400 వేగం ఉన్న స్కార్పియో బ్లూకి మూడేళ్ళను రెండేళ్ళు చేసింది. 7200 వేగం ఉన్న స్కార్పియో బ్లాక్‌కి మాత్రం ఐదేళ్ళు అలాగే ఉంచింది. నాలాగా జనం పెళ్ళిళ్ళ ఫొటోలు దాచిపెట్టేవాడికి ఇది చిన్న విషయం కాదు.

పార్క్‌లేన్‌లో షాపులన్నిట్లోనూ రెడీ స్టాకు ల్యాప్‌టాపులు దాదాపు 5400వే. 7200 అనగానే కౌంటరు దగ్గరి కుర్రాడు, "అన్నా, ఫిఫ్టీ ఫోర్ హండ్రెడ్ చాలన్నా, వాడకంలో ఏం తెల్వదు. సెవెన్టీ టూ అయితే వేడెక్కుతది, బ్యాటరీ తింటది" అన్నాడు. కొట్టిపారేసే మాట కాదది, అందులో సగం నిజం ఉంది. ఏ సగమో లెక్కేస్తేనే తెలుస్తుంది.

నిమిషానికి 7200 చుట్లంటే ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు. పళ్ళెం మీద కావాల్సిన చోటు, డేటా చదివే హెడ్డు కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంటే 4.2. అదే 5400లో 5.6. కానీ హెడ్డు ముందు ఆ ట్రాకు (డేటా రాసి ఉన్న వలయం) దగ్గరికి జరగాలి కదా. దానికి ల్యాప్‌టాప్ డిస్కుల్లో వేగం ఏదైనా సుమారు 12 మిల్లీసెకన్లు పడుతుంది. కలిపితే ఒకటి 16 పైచిలుకు, రెండోది 17.6. చుట్లలో మూడోవంతు ఎక్కువ కనిపించే తేడా, చిన్న చిన్న ఫైళ్ళు వెతికే పనిలో పదోవంతు కూడా లేదు. విండోస్ మొదలవడం, థంబ్‌నెయిళ్ళు రావడం, బ్రౌజర్ తెరుచుకోవడం అన్నీ ఈ బాపతే. ఉత్తరాలు టైపు చేసుకునేవాళ్ళకి కుర్రాడి మాట అక్షరాలా నిజం.

పెద్ద ఫైలు ఆగకుండా చదివేటప్పుడు, రాసేటప్పుడు కథ వేరు. అక్కడ హెడ్డు పెద్దగా జరగదు, పళ్ళెం ఎంత వేగంగా తిరిగితే అంత డేటా. నా స్క్రాచ్ ఫైలు పని అదే. అయితే ఇక్కడా ఒక మెలిక ఉంది. పళ్ళెం మీద డేటా ఎంత చిక్కగా రాసి ఉందన్నది చుట్లతో సమానంగా లెక్కలోకి వస్తుంది. చిక్కటి పళ్ళేలున్న కొత్త 5400 డిస్కు, పలచటి పాత 7200 డిస్కును దాటిపోగలదు. కాబట్టి గోడౌన్‌లో మూల పడున్న పాత మోడల్ 7200ని ఎక్కువ డబ్బు పోసి కొనడం దండగ.

మాటలతో తేలదని పెన్‌డ్రైవ్‌లో డిస్కు వేగం కొలిచే హెచ్‌డీ ట్యూన్ అనే సాఫ్ట్‌వేర్ పట్టుకెళ్ళాను. షాపు ఓనరు పెద్దమనిషి, డెమో పీసు మీద నడుపుకోమన్నారు. 5400 డిస్కు మీద చదివే వేగం చూపే నీలం గీత సెకనుకు 95 ఎంబీ దగ్గర మొదలై, కుడికి పోయేకొద్దీ జారి జారి 45 దగ్గర ఆగింది. వెతికే సమయం చూపే పసుపు చుక్కలు పైన చెప్పిన 17, 18 మిల్లీసెకన్ల చుట్టూ చెదిరి పడ్డాయి. ఆ జారుడు చూశాక నాకు అసలు సంగతి అర్థమైంది. రంగులరాట్నంలో బయటి గుర్రం లోపలి గుర్రం కన్నా అదే చుట్టులో ఎక్కువ దూరం పోయినట్టు, పళ్ళెం బయటి అంచున ఒక చుట్టుకు ఎక్కువ డేటా వస్తుంది. డిస్కులో ముందు చేసిన పార్టిషన్ ఆ బయటి అంచున పడుతుంది. అంటే ఏ డిస్కు కొన్నా, పనిచేసే ఫైళ్ళను మొదటి భాగంలో పెట్టి, పాత పెళ్ళిళ్ళను చివరకు నెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా వేగం వస్తుంది. ఈ సంగతి నాకు ఏ షాపులోనూ ఎవరూ చెప్పలేదు. ఇప్పటికీ హార్డ్‌డిస్కు మీద పనిచేసే ప్రతివాళ్ళకీ నేను ముందు చెప్పేది ఇదే.

వేడి, బ్యాటరీ భయం సంగతీ చూశాను. డేటాషీట్లలో రెండు వేగాలకీ కరెంటు తేడా ఒక వాటు లోపే ఉంది. స్క్రీను, ప్రాసెసర్ తాగే కరెంటు ముందు అదెంత? పైగా నా ల్యాప్‌టాపు రోజులో ముప్పాతిక వంతు చార్జరు మీదే ఉంటుంది.

చివరికి రెడీ స్టాకులో 500 జీబీ 5400 డిస్కున్న ల్యాప్‌టాప్ తీసుకుని, విడిగా 500 జీబీ స్కార్పియో బ్లాక్ కొన్నాను. పాతది వేస్టు కాలేదు, యూఎస్‌బీ కేసులో పెట్టుకుంటే బ్యాకప్ డిస్కయింది. డిస్కు మార్చే ముందు మూడు పనులు చేశాను. సర్వీస్ సెంటరుకు ఫోన్ చేసి, కింది మూత విప్పితే వారంటీ పోదని, నేను వేసుకున్న డిస్కుకు మాత్రం వాళ్ళ పూచీ ఉండదని నిర్ధారించుకున్నాను. పాత డిస్కు మందం 9.5 ఎంఎం అని చూసుకున్నాను, సన్నటి 7 ఎంఎం జాగా ఉన్న మోడళ్ళలో ఇది దూరదు. అన్నిటికంటే ముఖ్యంగా, రికవరీ డీవీడీలు రాసుకున్నాను. అప్పట్లో ల్యాప్‌టాప్‌తో విండోస్ సీడీ ఇచ్చేవాళ్ళు కాదు, అంతా ఆ డిస్కులోనే దాక్కుని ఉండేది. డీవీడీలు రాయకుండా పాత డిస్కును చెరిపేస్తే విండోస్ మళ్ళీ ఎక్కించుకోవడం తలనొప్పే.

స్క్రూలు విప్పడం, ట్రేలోకి కొత్తది బిగించడం పావుగంట పని. విండోస్ ఎక్కడమే సాయంత్రం దాకా సాగింది. కొత్త డిస్కు మీద నీలం గీత 115 దగ్గర మొదలైంది. ఆరేడు లేయర్ల షీటు సేవ్ చేసేటప్పుడు తేడా చేతికి తెలిసింది, విండోస్ మొదలవడంలో తెలియలేదు. ఎడమచేతి మణికట్టు కింద కాస్త వెచ్చదనం, రాత్రిపూట ఫ్యాన్ ఆపితే సన్నటి ఝుమ్మనే చప్పుడు వచ్చాయి. 7200 చుట్లంటే సెకనుకు 120, ఆ చప్పుడు సరిగ్గా ఆ స్థాయిలోనే ఉంటుంది. 5400ది 90, ఇంకాస్త బొంగురు. డిస్కు తిరుగుతుండగా బ్యాగులో పడేయకుండా, హైబర్నేట్ చేసి లైటు ఆరాకే ఎత్తడం అప్పుడే అలవాటు చేసుకున్నాను.

ఆ తర్వాత ర్యామ్ 8 జీబీ చేశాను. నిజం చెప్పాలంటే డిస్కు మార్పు కన్నా అది ఎక్కువ ఊరటనిచ్చింది, ఎందుకంటే స్క్రాచ్‌కి పోయే అవసరమే తగ్గింది. డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ర్యామ్ వేయించుకోమంటాను.

ఇప్పుడు పని అంతా ఎస్ఎస్‌డీ మీదే. అందులో తిరిగే పళ్ళెమూ లేదు, అర చుట్టు ఆగడమూ లేదు, వెతుకులాట మిల్లీసెకనులో పదోవంతుకు దిగింది. బ్యాకప్‌కి మాత్రం ఇంకా హార్డ్‌డిస్కులే కొంటున్నాను, దానికి 5400 నిక్షేపంగా సరిపోతుంది. పైగా అట్ట మీది అంకెను ఇప్పుడు పూర్తిగా నమ్మడానికీ లేదు. 2020లో వెస్టర్న్ డిజిటల్ '5400 క్లాస్' అని అమ్మిన కొన్ని డిస్కులు నిజానికి 7200తో తిరుగుతున్నాయని వాడకందార్లు వాటి చప్పుడు కొలిచి కనిపెట్టారు. నేనిప్పుడు డేటాషీట్‌లో ముందు వెతికేది అది ఎస్ఎంఆర్ డిస్కా, ట్రాకులు విడివిడిగా ఉండే మామూలు సీఎంఆర్ డిస్కా అని. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి, కాబట్టి ఆగకుండా రాస్తూ పోతే కాసేపటికి వేగం బాగా పడిపోతుంది. పెళ్ళి నుంచి తెల్లవారుజామున వచ్చి, కెమెరా కార్డులన్నీ వరసగా ఖాళీ చేసుకునేవాళ్ళు ఆ ఒక్క మాట అడిగి కొనుక్కోండి.