మావాడి పేరు ఏ లిస్టులో ఉండాలి, దాన్ని ఎవరు చూడాలి

మావాడి పేరు న్యూజెర్సీ ఆటిజం రిజిస్టర్‌లో ఉంది. విజయవాడ పటమటలో ఉండే మా అక్క, అంటే మా పిన్ని కూతురు, వాళ్ళ అబ్బాయి పేరు ఇండియాలో యూడీఐడీలో, అంటే వైకల్యం ఉన్నవాళ్ళకి కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డ్ లిస్టులో ఉంది. ఇద్దరికీ ఆటిజమే, ఇద్దరూ గవర్నమెంట్ లిస్టుల్లో ఉన్నారు. తమాషా ఏంటంటే తను భయపడేదానికి నేను భయపడను, నేను భయపడేదాన్ని తను అసలు పట్టించుకోదు. ఈ ఎండాకాలం సెలవులకి గుంటూరు వచ్చినప్పుడు రోజూ రాత్రి ఇదే గొడవ మా ఇద్దరికీ, మా అమ్మ మధ్యలో వచ్చి ఇంక పడుకోండే అనేదాకా.

ముందు మా సంగతి. న్యూజెర్సీలో 2009 నుంచి రూల్ ఉంది, ఆటిజం అని తేల్చిన డాక్టర్ ఆ పిల్లల్ని స్టేట్ రిజిస్టర్‌లో ఎక్కించాల్సిందే, మనం వద్దంటే కుదరదు. కానీ పేరు, అడ్రస్ లేకుండా కూడా ఎక్కించమని అడగొచ్చు, అప్పుడు లెక్కలోకి ఒక బిడ్డ చేరతాడు గానీ ఆ బిడ్డ ఎవరో వాళ్ళకి తెలీదు. పేరిస్తే మాత్రం కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి కేస్ మేనేజర్ ఫోన్ చేసి థెరపీలు ఎక్కడున్నాయి, ఇన్సూరెన్స్ ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలి అని దారి చూపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళం, మేముండే ఎడిసన్‌లో చుట్టూ తెలుగువాళ్ళే ఉన్నా ఈ విషయం అడగడానికి ఒక్కరు లేరు, అందుకని పేరిచ్చేశాం. ఆ కేస్ మేనేజర్ లేకపోతే స్కూల్ వాళ్ళతో ఎలా మాట్లాడాలో కూడా మాకు తెలిసేది కాదు.

అలా హాయిగా ఉన్నవాళ్ళకి 2025 ఏప్రిల్‌లో నిద్ర పట్టకుండా పోయింది. అమెరికా గవర్నమెంట్ మెడికల్ రీసెర్చ్ సంస్థ ఎన్‌ఐహెచ్ డైరెక్టర్ జయ్ భట్టాచార్య ఒక ప్లాన్ చెప్పారు, ఆటిజం రీసెర్చ్ కోసం మందుల షాపుల రికార్డులు, ల్యాబ్ రిపోర్టులు, ఇన్సూరెన్స్ బిల్లులు, చేతికి పెట్టుకునే స్మార్ట్ వాచ్ డేటా కూడా ఒకచోట చేరుస్తామని. నేషనల్ రిజిస్టర్ పెడతారంట అని వార్తలు గుప్పుమన్నాయి. అంతకు కొన్ని రోజుల ముందే హెల్త్ సెక్రటరీ (మన లెక్కలో ఆరోగ్య మంత్రి) కెన్నెడీ ప్రెస్ మీట్‌లో ఈ పిల్లలు ట్యాక్సులు కట్టలేరు, ఉద్యోగాలు చెయ్యలేరు అన్నట్టు మాట్లాడాడు. అలాంటి మాటలు అన్న నోటి నుంచే మీ పిల్లల వివరాలన్నీ మాకివ్వండి అని వస్తే ఏ తల్లికైనా ఎలా ఉంటుంది? కొందరు పేరెంట్స్ డాక్టర్లకి ఫోన్ చేసి మావాడి ఫైల్లో ఆ ముక్క తీసేయండి అని అడిగారు. తర్వాత అబ్బే రిజిస్టర్ కాదు అన్నారు, మే నెలలో మెడికేర్, మెడికెయిడ్ అనే గవర్నమెంట్ ఇన్సూరెన్స్‌ల డేటాతో ఒక ప్లాట్‌ఫామ్ కడుతున్నామని చెప్పారు. ఇల్లినాయ్ గవర్నర్ అయితే ఆ మేలోనే ఆర్డర్ ఇచ్చేశాడు, మా స్టేట్‌లో ఆటిజం ఉన్నవాళ్ళ వివరాలు అనుమతి లేకుండా ఊరికే పోగెయ్యడానికి లేదని.

మావి వీసా బతుకులు కదా, మాకు భయం ఇంకో రకం. గ్రీన్ కార్డ్ క్యూలో ఉన్నవాళ్ళు పిల్లాడికి ఏ సర్వీస్ తీసుకోవాలన్నా ఇది రేపు ఎవడైనా ఎత్తి చూపిస్తాడేమో అని వంద సార్లు ఆలోచిస్తారు. ఆస్ట్రేలియాలో పీఆర్‌కి, అంటే అక్కడే స్థిరపడే వీసాకి, హెల్త్ టెస్ట్ ఉంటుంది, పిల్లాడి ట్రీట్‌మెంట్‌కి గవర్నమెంట్‌కి ఖర్చు ఎక్కువ అయ్యేట్టుంటే వీసా ఆపేయొచ్చు, అక్కడున్న మనవాళ్ళని అడగండి చెబుతారు. ఇవన్నీ చూశాక లిస్టు అంటేనే ఒళ్ళు జలదరిస్తుంది. వియన్నాలో నాజీల టైంలో డాక్టర్లు రాసిన కాగితాలతోనే వైకల్యం ఉన్న పిల్లల్ని స్పీగెల్‌గ్రుండ్ అనే క్లినిక్‌కి పంపి చంపారు, ఆటిజం మీద మొదట్లో పనిచేసిన డాక్టర్ ఆస్పర్గర్ కూడా అక్కడికి పిల్లల్ని పంపాడని 2018లో ఒక హిస్టోరియన్ రికార్డులు తీసి చూపించాడు. ఆటిజం ఉన్న పెద్దవాళ్ళు లిస్టులంటే అంత మండిపడేది అందుకే, వాళ్ళది అతి అని కొట్టిపారెయ్యలేం.

ఇదంతా చెబితే మా అక్క నవ్వింది. "నీకేమో ఢిల్లీ వాడికో వాషింగ్టన్ వాడికో తెలిస్తే భయం, నాకు ఎదురింటి పద్మక్కకి తెలిస్తే భయం" అంది. నిజమే. వాళ్ళ పెద్దమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది, సంబంధాలు చూసే టైం వస్తోంది, తమ్ముడికి ఏదో ఉందంట అని ఒక్క మాట బయటికి వెళ్తే చాలు. బావగారు యూడీఐడీ కార్డ్ బీరువాలో చీరల కింద పెట్టించారు. వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి కూడా విజయవాడలో వద్దు, తెలిసినవాళ్ళు కనపడతారు అని మొదట గొడవ చేశారంట.

కానీ కార్డ్ మాత్రం తీసుకున్నారు, ఎందుకంటే దానితో వచ్చేవి నిజంగా వస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజంని 21 వైకల్యాల్లో ఒకటిగా పెట్టారు. కేంద్ర గవర్నమెంట్ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఇచ్చే నిరామయ ఇన్సూరెన్స్ ఏడాదికి లక్ష దాకా, థెరపీలకి కూడా వాడుకోవచ్చు. పాత పద్ధతిలో ట్యాక్స్ కట్టేవాళ్ళకి ఇన్‌కమ్ ట్యాక్స్‌లో 75 వేలు, తీవ్రంగా ఉంటే 1,25,000 మినహాయింపు. పరీక్షల్లో ఎక్కువ టైం, రాసిపెట్టే మనిషి. అన్నిటికంటే పెద్దది, 18 నిండాక పిల్లాడి తరఫున సంతకం పెట్టడానికి గార్డియన్‌షిప్ కావాలంటే కలెక్టర్ దగ్గరుండే కమిటీకి వెళ్ళాలి, అక్కడ మొదట అడిగేది సర్టిఫికెట్టే. పేరు రాయించుకోకపోతే గవర్నమెంట్ లెక్కలో ఆ బిడ్డ లేనట్టే.

మా అమ్మ ఇంట్లో పనిచేసే ఆవిడ మనవడికి మేధో వైకల్యం సర్టిఫికెట్ ఉంది, ఆవిడకి ఈ చర్చ అసలు అర్థం కాలేదు. ఒకటో తారీకు పొద్దున్నే సచివాలయం వాళ్ళు ఇంటికొచ్చి 6 వేలు పెన్షన్ చేతిలో పెడతారు, వీధి వీధంతా చూస్తుంది. "చూస్తే చూడనీ అమ్మా, మావోడికి మందులు వచ్చిద్దిగా" అంది అంట్లు తోముతూ. ప్రైవసీ డబ్బున్నోళ్ళ సోకు అని ఆవిడ మాటని బట్టి అనేవాళ్ళుంటారు, నేను ఒప్పుకోను. సాయం కావాలంటే వీధి మొత్తానికి తెలియాల్సిందే అనే పరిస్థితి ఆవిడ కోరుకున్నది కాదు, ఆవిడకి ఇంకో దారి లేదు అంతే.

అక్క భయం ఎంత నిజమో నాకు గుంటూరు బ్రాడీపేటలో ఒక నెట్ సెంటర్‌లో అర్థమైంది. ఏదో అప్లికేషన్ కోసం అక్కతో వెళ్ళా. కుర్చీ కూడా సరిగ్గా పట్టని గది, ఆ అబ్బాయి వాట్సాప్ వెబ్ ఓపెన్ చేసి అందరి కాగితాలూ డెస్క్‌టాప్ మీదకి లాగుతున్నాడు. స్క్రీన్ నిండా పేర్లతో పీడీఎఫ్‌లు, ఫలానావాళ్ళ ఆధార్, ఫలానావాళ్ళ సదరం, పర్సెంటేజ్‌తో సహా, వెనక లైన్లో నిలబడ్డ ఎవరైనా చదువుకోవచ్చు. అక్క మొహం చూడాల్సింది. పని అయ్యాక నేనే అడిగా, బాబూ ఆ ఫైల్ మా ముందే తీసేయ్, రీసైకిల్ బిన్‌లోంచి కూడా అని. ఇదేం అడగడం అన్నట్టు చూసి తీసేశాడు, తప్పుడు మనిషేం కాదు పాపం, అంతకుముందు ఎవరూ అడగలేదు అంతే. 2023లో డేటా చట్టం వచ్చింది, పిల్లల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలని అందులో ఉంది, కానీ ఆ చట్టం ఈ గదిలోకి ఎప్పుడు వచ్చుద్దో మరి.

అలా అని లెక్కలే వద్దు అనేవాళ్ళతో నాకు పడదు. మా బంధువుల్లో ఇప్పటికీ వాట్సాప్‌లో వచ్చింది చూసి టీకా వల్లేనంటగా అని నన్ను అడిగేవాళ్ళున్నారు, ఫంక్షన్‌లో విస్తరాకు ముందు కూర్చున్నప్పుడు అడుగుతారు మరీ. వాళ్ళ నోరు మూయించేది రిజిస్టరే. డెన్మార్క్‌లో ప్రతి మనిషికీ పుట్టగానే ఒక నంబర్, హాస్పిటల్ రికార్డులు, టీకాల రికార్డులు అన్నీ ఆ నంబర్‌కి కలుస్తాయి, అందుకే 2019లో 6,57,461 మంది పిల్లల్ని చూసి తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాలకి వేసే ఎంఎంఆర్ టీకాకీ ఆటిజంకీ సంబంధం లేదని చెప్పగలిగారు. అమెరికాలో సీడీసీ అనే ప్రజారోగ్య సంస్థ వాళ్ళు పిల్లల పేర్లు బయటపెట్టకుండానే కొన్ని ఏరియాల్లో స్కూల్, హాస్పిటల్ రికార్డులు చూసి లెక్క తీస్తారు, 2022లో 8 ఏళ్ళ పిల్లల్లో 31 మందిలో ఒకరు అని వచ్చింది. ఆ లెక్కల వల్లే మనలాంటి ఆసియా పిల్లల్ని, నల్లజాతి పిల్లల్ని ముందు సరిగ్గా గుర్తించేవాళ్ళు కాదని కూడా బయటపడింది. దీనికి మావాడి పేరు ఎవరికీ అక్కర్లేదు. థెరపీ ఇవ్వడానికి పేరు కావాలి, ఇచ్చే ఆఫీస్‌కి ఇస్తాం. లెక్కకి పేరెందుకు? ఈ రెండూ కలిపి ఒకటే డబ్బాలో పోస్తామంటేనే నాకు అనుమానం.

ఇంతా చేసి అసలు మనిషిని, మావాడిని, మేమెవరం అడగలేదు. వాడేమో ఏ దాపరికం లేకుండా తిరుగుతున్నాడు. అక్కడ స్కూల్లో నీకేం కావాలో నువ్వే చెప్పుకో అని నేర్పారు, గుంటూరులో పెళ్ళికెళ్తే బ్యాండ్ మేళం మొదలవగానే చెవులు మూసుకుని, ఏమైంది అని అడిగిన పక్కనున్న పెద్దాయనకి "నాకు ఆటిజం తాతగారూ, సౌండ్ ఎక్కువైతే నొప్పి" అని వచ్చీరాని తెలుగులో చెప్పేశాడు. మా అమ్మ వాడి చెయ్యి పట్టుకుని ఊరుకో నాన్నా అందరికీ చెప్పకూడదు అంది. ఎందుకు అమ్మమ్మా, ఆయన అడిగాడు కదా అన్నాడు. ఆ పెద్దాయన మాత్రం లేచి వాడిని బయట అరుగు మీద కూర్చోబెట్టి జాంగ్రీ తెప్పించి పెట్టాడు. మా అక్క అదంతా చూస్తూనే ఉంది, వాళ్ళబ్బాయిని కూడా తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టింది, బావగారు ఏమీ అనలేదు. 18 వచ్చాక రిజిస్టర్‌లో పేరు ఉండాలా వద్దా అనేది వాడి ఇష్టం, వాడు ఉంచుకుంటాడనే నా అనుమానం.

మొన్న అక్క స్నేహితురాలు ఫోన్ చేసింది, నాలుగేళ్ళ పాపకి ఇప్పుడే ఆటిజం అని చెప్పారంట, యూడీఐడీ చేయించాలా వద్దా అని. చేయించండి అన్నాం ఇద్దరం. అప్లికేషన్ సొంత ఫోన్‌లోనే పెట్టుకోండి, నెట్ సెంటర్‌కి వెళ్ళాల్సి వస్తే ఫైల్ తీసేసేదాకా అక్కడే కూర్చోండి, జిరాక్స్ ఇచ్చిన ప్రతిసారీ దాని మీద అడ్డంగా ఎందుకోసం ఇస్తున్నారో, తేదీ రాసి సంతకం పెట్టండి, పేరెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో కార్డ్ ఫోటో మాత్రం పెట్టొద్దు అని చెప్పాం. కార్డ్ బీరువాలో పెట్టాలా అని అడిగింది ఆవిడ. అది మా అక్కని అడగండి అని ఫోన్ తనకిచ్చేశా.